తీర్చేసిన అప్పు రిపోర్టులో ఎందుకు బతికే ఉంది?

ఈ నెల ఉత్తరాల సంచి విప్పితే సిబిల్ (మన అప్పుల చరిత్ర రాసిపెట్టే కంపెనీ) గోల తప్ప ఇంకోటి లేదు. పోయిన సంచికలో ఇంటి లోను గురించి నాలుగు ముక్కలు రాసిన పాపం అనుకుంటా. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బ్యాంకు కౌంటర్ వెనక ముప్పయ్యేళ్లు కూర్చుని లేచినవాణ్ని కాబట్టి అటువైపు ఏం జరుగుతుందో నాకు తెలిసినంతవరకు చెబుతాను. రెండు మూడు జవాబులు అడిగినవాళ్లకి నచ్చవు, ముందే చెప్తున్నా. అప్పుల సంగతి కదా, ఊళ్ల పేర్లే వేశాం, మనుషుల పేర్లు వేయలేదు.

ప్రశ్న: సార్, 2019లో ఒక ఫైనాన్స్ కంపెనీలో బండి లోను తీసుకున్నాను. 24 వాయిదాలు. మధ్యలో ఒక వాయిదా ఖాతాలో డబ్బు చాలక బౌన్సయింది, రెండో రోజే వాళ్ల ఆఫీసుకెళ్లి నగదు కట్టేశాను. 2021లో మొత్తం అయిపోయింది, ఎన్‌ఓసీ (బాకీ ఏమీ లేదన్న కాగితం) ఇచ్చారు, ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు కూడా తీయించాను. ఇప్పుడు ఇంటి లోనుకి వెళ్తే, ఆ బండి లోను ఇంకా నడుస్తున్నట్టు, 3,140 రూపాయలు బాకీ ఉన్నట్టు సిబిల్‌లో ఉందట. బ్యాంకు మేనేజరు గారు సిబిల్ వాళ్లతో తేల్చుకోమంటారు, ఫైనాన్స్ వాళ్లు మా సిస్టంలో క్లోజే అంటారు. పునాది తీసి మూడు నెలలైంది, గోతుల్లో నీళ్లు నిలబడ్డాయి. ఏటి చెయ్యమంటారు?
— ఓ పాఠకుడు, నరసన్నపేట

జవాబు: సిబిల్ మీ గురించి సొంతంగా ఏమీ కనిపెట్టదండీ, మీరెవరో కూడా దానికి తెలీదు. అప్పిచ్చినవాడు ఏ లెక్క పంపితే అది ఎక్కించుకుంటుంది. మీ వీధి కిరాణా కొట్టాయన మీ దగ్గర డబ్బు తీసుకుని ఖాతా పుస్తకంలో కొట్టేయడం మర్చిపోయాడనుకోండి, ఆ పేజీ జిరాక్సు తీసి ఊరంతా పంచినవాడు సిబిల్. జిరాక్సు మీద ఎన్నిసార్లు దిద్దినా లాభం లేదు, దిద్దాల్సింది పుస్తకంలో. అందుకే మేనేజరు గారి మాటా సగమే నిజం, ఫైనాన్స్ ఆఫీసు కుర్రాడి మాటా సగమే నిజం. అతని కంప్యూటర్లో లోను నిజంగానే క్లోజయి ఉండొచ్చు. కానీ సిబిల్‌కి లెక్క పంపేది ఆ బ్రాంచి కాదు, ఎక్కడో ఉన్న వాళ్ల హెడ్డాఫీసు. నేను చూసిన ఇలాంటి కేసుల్లో చాలావాటికి మూలం ఆ ఒక్క బౌన్సే. మీరు వాయిదా కట్టారు, బౌన్స్ చార్జీ మాత్రం మిగిలిపోయింది. 500 చార్జీ అనుకోండి. ఎవరూ అడగలేదు, మీకూ తెలీదు, అది మూలన కూర్చుని పిల్లల్ని పెట్టింది.

ముందు రిపోర్టు మీ చేతిలో పెట్టుకోండి. మేనేజరు గారు స్క్రీన్ తిప్పి చూపించినది కాదు, ఫోన్లో ఏదో యాప్ ఇచ్చే రంగుల ముల్లు బొమ్మా కాదు, పూర్తి రిపోర్టు. మనం అన్నిటినీ సిబిల్ అనేస్తాం, వనస్పతి ఏదైనా డాల్డా అన్నట్టు. నిజానికి ఇలాంటి కంపెనీలు నాలుగున్నాయి, ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్. 2005లో వచ్చిన చట్టం కింద, రిజర్వు బ్యాంకు లైసెన్సుతో నడుస్తాయి. ఒక్కొక్కటీ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని 2017 జనవరి నుంచి రూలు. వాటి వెబ్‌సైట్లో నెలకింత, ఏడాదికింత అని ప్లాన్లు పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి, ఉచితం అన్న మాట కింద ఎక్కడో చిన్నగా ఉంటుంది, వెతకండి.

ఇక్కడో మాట. నెట్ సెంటర్‌కి వెళ్లి తీయిస్తే, అక్కడి కుర్రాడు తొందర్లో తన ఫోన్ నంబరు, తన ఈమెయిల్ కొట్టేస్తాడు. చెడ్డవాడై కాదు, పని తెమలాలి కదా. ఆ తర్వాత మీ ఫిర్యాదు మీద వచ్చే ప్రతి మెసేజీ అతనికి వెళ్తుంది, మీరేమో జవాబే రాలేదని కూర్చుంటారు. దగ్గర నిలబడి మీ నంబరే కొట్టించండి.

రిపోర్టులో ఆ బండి లోను పేజీకి వెళ్లండి. క్లోజయిన తేదీ అన్న గడి ఖాళీగా ఉంటుంది, బాకీ గడిలో 3,140 ఉంటుంది, వాటి కన్నా ముఖ్యం ఇంకో గడి. ఈ సమాచారం చివరిసారి ఎప్పుడు పంపారు అన్న తేదీ అది. అది 2021 దగ్గరే ఆగిపోయి ఉంటే, మీ లెక్క పంపడమే మానేశారు, ఒక్కసారి క్లోజ్ అని పంపితే చాలు. పోయిన నెల తేదీ ఉంటే మాత్రం, మీకు బాకీ ఉందని వాళ్లు నెలనెలా ఇంకా పంపుతూనే ఉన్నారు, అంటే వాళ్ల పుస్తకంలో ఆ గీత నిజంగానే ఉంది. అప్పుడు లోను స్టేట్‌మెంట్ అడిగి, ఆ 3,140 ఏ పద్దు కింద వచ్చిందో రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఎన్‌ఓసీ ఇచ్చిన చేత్తో బాకీ అని ఎలా రాశారో చెప్పాల్సింది వాళ్లే. కింద నెలలవారీగా చిన్న గడులుంటాయి, గడువు దాటి ఎన్ని రోజులైందో వాటిలో ఉంటుంది. 000 అంటే సమయానికి కట్టారు, 030 అంటే 30 రోజులు ఆలస్యం, ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ అంటే ఆ నెల సమాచారం రాలేదు. ఎక్స్‌లు చూసి భయపడి ఫోన్ చేసినవాళ్లు నాకు తెలుసు, అది మంచీ కాదు చెడ్డా కాదు.

ఇక ఫిర్యాదు. రెండు వైపుల నుంచీ ఒకే రోజు వేయండి. సిబిల్ వెబ్‌సైట్లో డిస్ప్యూట్ అని ఉంటుంది, పైసా ఖర్చు లేదు, రిపోర్టు మీదుండే కంట్రోల్ నంబరు వేసి, తప్పుగా ఉన్న గడి ఎంచుకుని పంపాలి. అదే రోజు ఫైనాన్స్ కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిలు పంపండి. కథ వద్దు. 'నా లోను నంబరు ఇది, ఈ తేదీన తీరిపోయింది, మీరిచ్చిన ఎన్‌ఓసీ జత చేశాను, రిపోర్టులో 3,140 బాకీ అని ఉంది, దాన్ని సున్నా చేసి, క్లోజయిన తేదీ వేసి, నాలుగు కంపెనీలకీ పంపండి.' ఇంతే. పునాది గోతుల సంగతి మెయిల్లో రాయకండి, నాకు రాస్తే చాలు.

జత చేయాల్సినవి ఎన్‌ఓసీ, ఫైనాన్స్ పేరు తీసేసిన ఆర్‌సీ, నగదు కట్టిన రసీదు. ఆ రసీదు మెషిన్లోంచి వచ్చిన నున్నటి కాగితమైతే ఈపాటికి తెల్లబడిపోయి ఉంటుంది. రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచిన రసీదు మా కౌంటర్ మీద పెట్టి, 'దీని మీద రాతుండేది బాబూ' అని తెల్ల కాగితం చూపించిన పెద్దాయన మొహం నాకు ఇప్పటికీ గుర్తే. కట్టిన రోజే జిరాక్సు తీసి ఉంచుకోవాలి. పోతే పోయింది, మీ చేతిలో ఎన్‌ఓసీ ఉంది కదా, అన్నిటికన్నా బరువైన కాగితం అదే.

ఫిర్యాదు వేసిన రోజు నుంచి 30 రోజుల్లో తేల్చాలి. అందులో అప్పిచ్చినవాడి వాటా 21 రోజులు, ఆలోగా సరిచేసిన లెక్క పంపాలి. 30 దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి, ఇది 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. ఆగస్టు 4న వేశారనుకోండి, సెప్టెంబర్ 3కి 30 రోజులు నిండుతాయి, వాళ్లు అక్టోబర్ 10న సరిచేస్తే 37 రోజులు ఆలస్యం, 3,700. ఎవరి వల్ల ఆలస్యమైతే వాళ్లిస్తారు. తేలిన ఐదు పని దినాల్లో మీ ఖాతాలో పడాలి. ఈ రోజుకి వంద లెక్కతో ఎవరూ మేడ కట్టరు గానీ, తేదీ వేసి ఈ రూలు పేరెత్తితే ఫైలు కదులుతుంది, అది మాత్రం కళ్లారా చూశాను. మీ మాట ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో కూడా చెప్పి తీరాలి, 'మీ అభ్యర్థన తిరస్కరించబడింది' అని ఒక్క ముక్క రాసి దులుపుకుంటే కుదరదు.

30 రోజులైనా దిక్కు లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్, అంటే ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే అధికారి. 2022 సెప్టెంబర్ నుంచి ఈ నాలుగు కంపెనీలు కూడా అంబుడ్స్‌మన్ పరిధిలోకి వచ్చాయి, చాలామందికి తెలీదు. ఫిర్యాదు ఉచితం, ఆన్‌లైన్లో వేయొచ్చు, చేతకాకపోతే కాగితం మీద తెలుగులోనే రాసి చండీగఢ్ సెక్టార్ 17లోని రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల కేంద్రానికి పోస్టు చేయొచ్చు, ఏ భాషలో రాసినా తీసుకుంటారు. వివరాలకి 14448కి ఫోన్ చేయండి. అయితే ముందు కంపెనీకి ఫిర్యాదు చేసిన రుజువు ఉండాలి, నేరుగా పరిగెడితే వెనక్కి పంపేస్తారు.

మేనేజరు గారి దగ్గరికి మళ్లీ వెళ్లండి, ఒట్టి చేతులతో కాదు, ఎన్‌ఓసీ, డిస్ప్యూట్ నంబరు, ఫైనాన్స్ కంపెనీ మెయిలు పట్టుకుని. తప్పు సరిదిద్దుతున్నారని కాగితం చూపిస్తే దరఖాస్తు కొట్టేయకుండా పక్కన పెట్టి ఉంచగలరు, కాస్త మనసున్నవాళ్లు ఉంచుతారు కూడా. 2025 జనవరి నుంచి అప్పిచ్చినవాళ్లు లెక్కలు కనీసం పదిహేను రోజులకొకసారైనా పంపాలి, ఇదివరకటిలా నెల ఆగక్కర్లేదు.

ప్రశ్న: నాకు పంట లోను అన్నదే లేదు, నా పేరున భూమే లేదు. కానీ రిపోర్టులో 85,000 పంట లోను, అదీ మొండి బాకీ అని ఉంది. నా పేరున్నవాళ్లు మా ఊళ్లో ఇంకో ఇద్దరున్నారు. వాళ్లలో ఎవరిదైనా నా మెడకి చుట్టుకుందా, లేక ఎవడైనా నా పాన్ వాడి మోసం చేశాడా? పోలీసు కేసు పెట్టమని మా అన్నయ్య అంటున్నాడు.
— గరివిడి దగ్గర పల్లె నుంచి ఓ పాఠకుడు

జవాబు: అన్నయ్యని ఒక వారం ఆగమనండి. మన వైపు పేర్ల సంగతి తెలిసిందే. అప్పలనాయుడు, అప్పలస్వామి, అప్పలరాజు, రమణ, సింహాచలం, ఒక్కో ఊళ్లో డజనేసి మంది. ఇంటిపేరు ఊరంతా ఒకటే, తాత పేరు మనవడికి పెడతాం కాబట్టి తండ్రుల పేర్లూ కలిసిపోతాయి. పుట్టినరోజు చూద్దామా అంటే, తేదీ తెలియని చాలామందికి ఆధార్‌లో జనవరి 1 పడింది. ఇక కంప్యూటర్ పాపం ఎవర్ని ఎవరనుకుంటుంది?

నేను మొదట చేరిన బ్రాంచిలో పెద్ద లెడ్జర్లుండేవి. అందులో ఒకే పేరు, ఒకే తండ్రి పేరుతో ఇద్దరు రైతులు. మా హెడ్ క్లర్కు గారు ఒక పేరు పక్కన పెన్సిలుతో 'గుడి దగ్గర' అని, రెండో పేరు పక్కన 'చెరువు గట్టు' అని రాసుకున్నారు. ఇరవై ఏళ్లు ఒక్క పొరపాటు జరగలేదు. ఆ తర్వాత కంప్యూటర్లొచ్చాయి, లెడ్జర్లలోని అంకెలన్నీ ఎక్కించారు, పెన్సిలు రాతలు ఎక్కించడానికి గడి లేదు. గుడి దగ్గరాయన కట్టిన డబ్బు చెరువు గట్టాయన ఖాతాలో పడ్డానికి ఏడాది పట్టలేదు.

కాబట్టి ముందు రిపోర్టు మొదటి పేజీ చూడండి. పాన్ నంబరు ఒక్క అక్షరమైనా తేడా ఉందా, మీకు సంబంధం లేని చిరునామా, ఫోన్ నంబరు ఏమైనా ఎక్కాయా. తర్వాత ఆ లోను ఏ బ్యాంకుదో, ఖాతా నంబరు ఏమిటో రాసుకుని ఆ బ్రాంచికి వెళ్లి, ఈ లోను దరఖాస్తు మీదున్న ఫోటో, సంతకం నావేనా చూపించండి అని కాగితం మీద అడగండి. పంట లోను మామూలుగా పాస్‌పుస్తకం, సర్వే నంబరు చూసే ఇస్తారు, భూమి లేని మీ పేరు మీద ఏ సర్వే నంబరుకి ఇచ్చారో వాళ్లే చెప్పాలి. మీరు అడిగే తీరు చూసి మేనేజరు అక్కడికక్కడే ఫైలు తీస్తే, అందులో మీ వీధి చివరాయన ఫోటో కనిపిస్తుందని నా అంచనా. ఆయన్ని మాత్రం ఏమీ అనకండి, ఆయనకీ తెలిసుండదు. సిబిల్ సైట్లో కూడా 'ఈ ఖాతా నాది కాదు' అనే రకం డిస్ప్యూట్ వేయండి, గడువులన్నీ పైన చెప్పినవే.

ఒకవేళ ఫైల్లో మీ పాన్, మీ ఆధార్, ఫోటో ఇంకెవరిదో ఉంటే, అప్పుడు అన్నయ్య మాట వినాలి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీ డిస్ప్యూట్‌కి జత చేయండి.

పాత ఖాతాల విషయంలో ఇంకో చిక్కుంది. బ్యాంకే ఇప్పుడు ఉండకపోవచ్చు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, మన గ్రామీణ వికాస్ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. బోర్డు మారింది గానీ బాధ్యత మారలేదు, పాత బ్యాంకు రాసిన లెక్క కొత్త బ్యాంకే దిద్దాలి. 'అది మా టైంలోది కాదు' అన్న జవాబు చెల్లదు.

ప్రశ్న: తిత్లీ తుపానుకి మా జీడితోట పోయింది, చిన్న జీడిపప్పు బట్టీ కూడా ఏడాది మూతబడింది. బ్యాంకుకి ఏడు లక్షలు బాకీ, వాళ్లే పిలిచి 4,20,000కి సెటిల్‌మెంట్ చేశారు, 2020లో ఒకేసారి కట్టేశాం. ఇప్పుడు రిపోర్టులో 'సెటిల్డ్' అని తప్పుగా రాశారు. విశాఖ ఏజెంటు ఒకాయన 15,000 ఇస్తే నెలలో 'క్లోజ్డ్' అని మార్పించి స్కోరు (అప్పు తీర్చే తీరుకి సిబిల్ వేసే మార్కులు) 750 చేయిస్తానంటున్నాడు. ఇవ్వొచ్చా?
— ఓ పాఠకుడు, పలాస

జవాబు: ఇవ్వొద్దు. మీ రిపోర్టులో తప్పు లేదు. చదవగానే కోపం వస్తుందని తెలుసు. 2018 అక్టోబరులో ఉద్దానం ఎలా ఉందో నేనూ చూశాను, వేళ్లతో సహా లేచిపోయిన చెట్ల మధ్య నిలబడ్డవాడికి నీతులు చెప్పను. కానీ బ్యాంకు 2,80,000 వదులుకుంది, వదులుకున్నామని రాసింది. సెటిల్డ్ అంటే అదే. క్లోజ్డ్ అంటే మొత్తం కట్టాడని. సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టించుకునే రోజున ఈ తేడా మీకెవరూ విప్పి చెప్పి ఉండరు, మేం చెప్పేవాళ్లం కాదు, ఒప్పుకుంటున్నా. మాకు ఆ రోజు మొండి బాకీల లెక్క తగ్గితే చాలు.

ఏజెంటు చేసేది ఏమిటంటే, మీ పాన్, మీ ఓటీపీ తీసుకుని, మీరు ఉచితంగా వేయగలిగిన డిస్ప్యూటే వేస్తాడు. బ్యాంకు ఒప్పుకోకుండా సిబిల్ ఒక్క అక్షరం మార్చదు. తిరస్కరించారని మెసేజీ వస్తే ఇంకోటి వేస్తాడు. మీ డబ్బు అప్పటికే అయిపోయి ఉంటుంది, మీ పాన్ మాత్రం అతని ఫోన్లో మిగులుతుంది.

దారి లేదా అంటే ఒకటుంది. బ్రాంచికెళ్లి, వదులుకున్న సొమ్ము కడితే క్లోజ్డ్ అని పంపుతారా అని రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకుంటే మొత్తమెంతో వాళ్ల చేత రాయించుకుని, కట్టి, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. అప్పటికీ పాత నెలల గడులు వెంటనే చెరిగిపోవు. ఇప్పుడు 2,80,000 పెట్టి ఆ మాట మార్పించుకోవడం లాభమా అంటే, మీకు పెద్ద లోను అవసరం తరుముతుంటే తప్ప నేనైతే పెట్టను. సీజన్లో గింజ కొనడానికి ఎలాగూ అప్పు చేస్తారు కదా, అది చిన్నదైనా బ్యాంకులోనే తీసుకుని గడువులోగా కట్టుకుంటూ పోండి. కొత్త మంచి గడులు పైన చేరేకొద్దీ పాతవి కిందికి జరుగుతాయి.

ప్రశ్న: గ్రూపు లోను నలభై వేలు తీసుకున్నాను. వారం వారం సెంటర్ మీటింగులో కలెక్షన్ అబ్బాయికి కట్టాం. ఆఖరి తొమ్మిది వారాల డబ్బు అతను ఆఫీసులో కట్టలేదట, ఉద్యోగం మానేసి పోయాడు. మా పదిమందికీ బాకీ చూపిస్తోంది. కొత్త అబ్బాయి మళ్లీ కట్టమని ఇంటికొచ్చి కూర్చుంటున్నాడు. కార్డు మీద అతని సంతకాలు ఉన్నాయి.
— ఓ అక్కచెల్లెళ్ల గ్రూపు, గజపతినగరం

జవాబు: కార్డు ఉంది కదమ్మా, ఇంక భయమెందుకు. ఆ కార్డు కొత్త అబ్బాయి చేతికి ఇవ్వకండి, చూపించండి, ఇవ్వొద్దు. 'ఆఫీసులో చెక్ చేసి తెస్తా' అని పట్టుకెళ్లిన కార్డు తిరిగొస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఇవాళే పదిమందీ కార్డులన్నీ రెండు వైపులా జిరాక్సు తీయించండి.

2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఈ చిన్న లోన్లకి మీకు అర్థమయ్యే భాషలో కార్డు ఇవ్వాలి, కట్టిన ప్రతి వాయిదా, ఆఖరున లోను తీరిపోయిన సంగతి అందులో రాసి ఒప్పుకోవాలి. కంపెనీ మనిషి సంతకం పెట్టి తీసుకున్నాడంటే కంపెనీ తీసుకున్నట్టే. అతను ఆఫీసులో జమ చేశాడా, ఎగరేసుకుపోయాడా అన్నది వాళ్ల ఇంటి గొడవ. మళ్లీ కట్టొద్దు. కట్టిన తొమ్మిది వారాలు, తేదీలు, మొత్తం రాసి కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపండి, ఆ నంబరు కార్డు మీదే ఉంటుంది. పదిమంది తరఫున ఒక కాగితం పంపితే సరిపోదు. మీటింగులో కలిసి కూర్చున్నా లోను ఎవరిది వారిదే, రిపోర్టు ఎవరిది వారిదే, పది ఫిర్యాదులు వేరువేరుగా వెళ్లాలి. మీలో చదువుకున్న పిల్ల ఎవరైనా ఉంటే ఒక మధ్యాహ్నం పని. రిపోర్టు తీసేటప్పుడు సిబిల్‌తో పాటు క్రిఫ్ హై మార్క్‌ది కూడా తీయండి, ఈ గ్రూపు లోన్ల కంపెనీలు ఎక్కువగా చూసేది దాన్నే.

ప్రశ్న: మా బావమరిది ట్రాక్టరు లోనుకి షూరిటీ సంతకం పెట్టాను. అతను కట్టడం లేదు, నా రిపోర్టులోకి ఎక్కింది. నేను అప్పు తీసుకోలేదు కదా, ఇది తప్పు కాదా?
— ఓ పాఠకుడు, కోటబొమ్మాళి

జవాబు: కాదు. షూరిటీ సంతకం పెట్టినవాడికి అప్పు తీసుకున్నవాడితో సమానంగా బాధ్యత ఉంటుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెబుతోంది. డిస్ప్యూట్ వేసి టైం పాడుచేసుకోకండి. ట్రాక్టరు అమ్మించండి, లేదా మీ ఆవిడ చేత వాళ్ల తమ్ముడికి ఫోన్ చేయించండి, రెండోది త్వరగా పనిచేస్తుంది.

ప్రశ్న: పైడిభీమవరం ఫార్మా కంపెనీలో పనిచేస్తున్నాను. రిపోర్టు తీస్తే స్కోరు తగ్గుతుందని రూమ్‌మేట్స్ అంటున్నారు, నిజమేనా? ఇంకోటి, జీతం ఖాతాతో పాటు ఒక క్రెడిట్ కార్డు పోస్టులో వచ్చింది, కవరు కూడా చింపలేదు. అది రిపోర్టులో కనిపిస్తోంది, ఏదో చార్జీ బాకీ అని కూడా ఉంది. పారేస్తే పోతుందా?
— ఓ కుర్రాడు, ఇచ్ఛాపురం

జవాబు: మీ రిపోర్టు మీరు ఎన్నిసార్లు చూసుకున్నా స్కోరు తగ్గదు. లోను కోసం మీరు దరఖాస్తు పెడితే బ్యాంకు చూస్తుంది కదా, అది వేరే, అలాంటివి నెలలో ఐదారు పడితే వీడికి డబ్బు కొరత గట్టిగా ఉంది అనుకుంటారు. యాప్‌ల్లో 'మీకు ఎంత లోను వస్తుందో చూడండి' అన్న బటన్లు ఊరికే నొక్కకండి.

కార్డు పారేయకండి బాబూ. నేను పారేశాను, చెప్తా విను. బ్యాంకులో పనిచేసినవాణ్ని, అన్నీ తెలుసన్న ధీమా. వేరే బ్యాంకు కార్డు ఒకటుండేది, ఇంక వద్దనుకుని కత్తెరతో రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను, అంతటితో పోయిందనుకున్నా. ఏడాది చార్జీ 500, జీఎస్టీతో 590 పడింది. బిల్లు పాత ఇంటి అడ్రసుకి వెళ్లింది. దాని మీద ఆలస్యం చార్జీ, మళ్లీ దాని మీద జీఎస్టీ. నా కూతురి చదువుకి లోనుకి వెళ్తే, నాకన్నా పదేళ్ల జూనియర్ మేనేజరు స్క్రీన్ నా వైపు తిప్పి 'ఇదేంటి సార్' అన్నాడు. వరసగా 030, 060, 090. తప్పు అని గంటసేపు వాదించాను, తప్పు నాదే, కార్డు వద్దని వాళ్లకి ఒక్క ముక్క రాయలేదు.

నీ సంగతి నాది కాదు, నీ వైపు న్యాయముంది. అడగకుండా కార్డు పంపకూడదు. పంపిన కార్డు నువ్వు యాక్టివేట్ చేయకపోతే, ఆ ఖాతా సంగతి సిబిల్ లాంటి కంపెనీలకి పంపకూడదని కూడా రిజర్వు బ్యాంకు నిబంధన. కాబట్టి రెండు ముక్కలు మెయిలు రాయి. కార్డు యాక్టివేట్ చేయలేదు, చార్జీ రద్దు చేసి, రిపోర్టులోంచి తీసేయండి, కార్డు మూసేయండి. బాకీ లేని కార్డు మూసేయమని అడిగాక ఏడు పని దినాల్లో మూయాలి, లేకపోతే రోజుకి 500 వాళ్లే నీకు కట్టాలి. వాళ్లిచ్చే కంప్లయింట్ నంబరు ఫోన్లో ఫోటో తీసి ఉంచు. చింపని కవరు కూడా పారేయకు, అది మూసి ఉందన్నదే నీ సాక్ష్యం. రెండు నెలలాగి ఇంకో కంపెనీ ఉచిత రిపోర్టు తీసి చూడు, ఆ కార్డు ఇంకా అందులో ఉంటే నాకు మళ్లీ రాయి.